చెల్లి పెళ్లిలో గిటార్: ఏ పాట ఎక్కడ పడుతుంది

పని ఒప్పుకున్నాక

పెద్దనాన్న గారమ్మాయి పెళ్లి పాలకొల్లులో. పెళ్లికొడుకు వాళ్లది వరంగల్. రిసెప్షన్, ముహూర్తం రెండూ ఒకే రాత్రి, ఒకే కళ్యాణ మండపంలో. డీజే అంటే పెద్దనాన్నకి గుండెదడ, ఆర్కెస్ట్రా అంటే పెద్దమ్మకి ఖర్చు దడ. ఇంట్లో చర్చ నడిచి నడిచి చివరికి పెద్దమ్మే తేల్చేసింది: "మనవాడు హైదరాబాద్‌లో గిటార్ వాయిస్తాడుగా, వాణ్నే కూర్చోబెడదాం."

నాకు తోడు ఇద్దరున్నారు. పిన్ని కూతురు చిన్నప్పట్నుంచీ సంగీతం నేర్చుకుంది. ఇకమీదట చెల్లి అంటే ఈమే, పెళ్లికూతురు కాదు. ఘంటసాల పాటలకి బాబాయి ఉన్నాడు. ఆయన్ని పాడమని ఎవరూ బతిమాలక్కర్లేదు, ఆపమనే బతిమాలాలి. నేను పాడను.

కచేరీ అయితే నాకు నచ్చినవి ఏరుకుని కూర్చుంటాను. పెళ్లికి అది కుదరదు, అక్కడికి ఎవరూ నా కోసం రారు. అందుకే ఈ డైరీలో కార్డ్స్ (కలిపి మీటే స్వరాల గుత్తులు) కన్నా ఎంపిక గొడవే ఎక్కువ ఉంటుంది.

సంగతి తెలియగానే బాబాయి ఫోన్ చేశాడు. "ఏరా, మన పాలకొల్లు కుర్రాడు మాండొలిన్ మీద కీర్తనలు వాయించి ప్రపంచమంతా తిరిగొచ్చాడు. నీ గిటార్‌కేం రోగం? త్యాగరాజ కీర్తన ఒకటి పెట్టు." మాండొలిన్ శ్రీనివాస్ 1969లో పుట్టింది ఈ ఊళ్లోనే. 2014లో పోయారు కానీ పాలకొల్లులో ఆయన మాట ఎత్తకుండా తీగ వాయిద్యం గురించి మాట్లాడటం కష్టం. అయితే ఆయన మామూలు మాండొలిన్ పట్టుకుని గమకాలు పలికించలేదు. జంటజంటలుగా ఎనిమిది తీగలుండే వాయిద్యాన్ని అయిదు ఒంటి తీగలకి మార్చుకుని, ఎలక్ట్రిక్ చేసుకుని, దాని మీద సాధన చేశారు. "ఆయన వాయిద్యాన్నే మార్చుకున్నారు బాబాయ్. నాకంత సీను లేదు, పాటల్ని మార్చుకుంటాను" అన్నాను. "సరేలే, గణపతి మీద ఒకటైనా ఉండాలి మరి" అని షరతు పెట్టాడు. దాని సంగతి తర్వాత చూద్దాం.

ఫ్యామిలీ గ్రూపులో అడిగాక

"ఎవరికి ఏ పాట కావాలో రాయండి" అని ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. రాత్రికల్లా చాంతాడంత జాబితా తయారైంది. మామ్మ పేరుతో అత్తయ్య "సామజవరగమన" అని రాసింది. దాని కిందే ఇంజనీరింగ్ చదివే తమ్ముడూ "సామజవరగమన" అని రాసి రెండు హార్ట్‌లు పెట్టాడు. మామ్మ అడిగింది హిందోళంలో త్యాగరాజ కీర్తన. వాడు అడిగింది 2020లో వచ్చిన 'అల వైకుంఠపురములో' పాట, సిరివెన్నెల రాసింది, సిద్ శ్రీరామ్ పాడింది. ఒకే పేరు రెండుసార్లు కనబడేసరికి, ఇంటిల్లిపాదీ ఒక్క పాట మీద ఏకాభిప్రాయానికి వచ్చారని పెద్దమ్మ మురిసిపోయింది.

కీర్తన నేను వాయించను. హిందోళం స్వరాలు గిటార్ మీద దొరక్క కాదు. గిటార్ మెట్ల (ఫ్రెట్ల) మీద నిలబెట్టి వాయిస్తే స్వరాలు వస్తాయి, రాగం రాదు. మామ్మకి ఆ తేడా తెలుసు. సినిమా పాట మాత్రం రిసెప్షన్‌లో పెడతాను.

ఇక ప్రేమపాటలు. అందరికీ ఇష్టమైనవి, గిటార్ మీద బాగా పలికేవి చూస్తే సగం విరహాలే. 'గీతాంజలి'లోని "ఓ ప్రియా ప్రియా" ముగ్గురు అడిగారు. ఇళయరాజా ట్యూన్, వంకపెట్టేదేముంది. కానీ పల్లవిలోనే గాలిమేడలు, రాలిపోయే పూలదండలు. 'రోజా'లోని "నా చెలి రోజావే" మా పెద్దబావ పట్టుబట్టి అడిగాడు. కొత్తగా పెళ్లయినవాణ్ని ఎత్తుకుపోతే భార్యని తలుచుకుంటూ పాడే పాట అది. పెళ్లిపందిట్లో ఆ సన్నివేశం ఎందుకు?

"మనం పాడం కదా, వట్టి ట్యూనే కదా" అని బావ వాదన. దానికి జవాబు మా ఇంట్లోనే దొరికింది. సోఫాలో కూర్చుని "ఓ ప్రియా ప్రియా" నెమ్మదిగా, మాట లేకుండా వాయిస్తున్నాను. వంటింట్లోంచి అమ్మ, పోపు ఆపకుండానే, "పెళ్లి పెట్టుకుని ఆ పాటేంట్రా?" అంది. నేను తీగల మీద స్వరాలు మీటుతున్నా, అమ్మ తలలో మాటలు నడుస్తున్నాయి. మన జనం సినిమా పాటని సాహిత్యంతో సహా కంఠతా పట్టినవాళ్లు. వాయిద్యం మోగితే చాలు, మిగతాది వాళ్లే పాడుకుంటారు లోపల. కాబట్టి ఈ ప్రాజెక్టుకి మొదటి జల్లెడ ఇదే: వట్టి ట్యూన్ అయినా సరే, సాహిత్యం పెళ్లికి పనికొస్తుందా లేదా చూడాలి.

జల్లెడకి చిక్కుముడి వేసిన పాట 'గుణ'లోని "కమ్మని ఈ ప్రేమలేఖనే". సినిమాలో అది మతి స్థిమితం లేనివాడు, తను ఎత్తుకొచ్చిన అమ్మాయితో పాడుకునే పాట. లెక్క ప్రకారం కొట్టేయాలి. కానీ 2024లో 'మంజుమ్మెల్ బాయ్స్' వచ్చాక మా కుర్రాళ్లకి అది వేరే పాటయిపోయింది, గుహలో పడ్డ స్నేహితుణ్ని పైకి లాగిన పాట. వాళ్లకి గుణ కథే తెలియదు. దీన్ని కొట్టేయకుండా పక్కన పెట్టాను, పెద్దవాళ్లు నిద్రపోయాక పనికొస్తుందని.

సన్నాయి మాస్టారితో మాట్లాడాక

పెళ్లిలో గిటార్‌కి ఖాళీ ఎక్కడుందో చూసుకోకుండా పాటలు సాధన చేస్తే లాభం లేదు. పురోహితుడు గారి దగ్గర కార్యక్రమం రాయించుకుని, తర్వాత సన్నాయి మాస్టారికి ఫోన్ చేశాను. పాలకొల్లు చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ ఆయన చేతి మీదే నడుస్తాయట.

"ఎదురుకోలు కాడి నుంచి మేముంటామండీ. గౌరీపూజ, జీలకర్ర-బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు, అన్నీ మావే. రిసెప్షన్‌లో మాత్రం మమ్మల్ని కూర్చోమంటారు" అన్నారు. మాటలో నిష్ఠూరం ఉందో లేదో తెలియలేదు. "మీ పాటలు ఏవేవి వాయిస్తారండీ, అవి నేను ముట్టుకోను" అని అడిగాను. మొదట చెప్పింది "సీతారాముల కళ్యాణము చూతము రారండి". 1961 నాటి 'సీతారామ కళ్యాణం' పాట, సుశీల గారు పాడింది. శ్రీరామనవమికి పందిట్లో, పెళ్లికి వీడియోలో అది లేకుండా గడవదు. నా జాబితాలో మొదటి పేరూ అదే. కొట్టేశాను. సన్నాయి మీద ఆ పాట వినపడ్డ ఊళ్లో, అదే రాత్రి గిటార్ మీద వినిపించడం మర్యాద కాదు.

గట్టిమేళం గురించి కూడా చెప్పారు. మూడు ముళ్లు పడేటప్పుడు వాద్యాలన్నీ ఒక్కసారిగా, బలంగా మోగడం దేనికంటే, ఆ క్షణాన తుమ్ము, దగ్గు, చెడ్డమాట ఏదీ చెవిన పడకూడదని. అంటే అక్కడ ట్యూన్‌తో పనే లేదు, మోత కావాలి. ఆ మోతలో నా గిటార్ ఎవరికి వినపడుతుంది? ముహూర్తం దగ్గర నేను లేను, అంతే. వీడియో బాగా వస్తుందని తలంబ్రాల పక్కన గిటార్ పట్టుకుని నిలబడమని ఫోటోగ్రాఫర్ అడిగాడు, కుదరదన్నాను.

మిగిలిన ఖాళీలు ఇవి. పెళ్లికూతుర్ని చేసిన రోజు సాయంత్రం, పెద్దనాన్న ఇంట్లో, మైకు లేకుండా. రిసెప్షన్‌లో వధూవరులు నడిచొచ్చేటప్పుడు. ఆ తర్వాత జనం ఫోటోలకి వరస కట్టినంతసేపు. పక్క లాన్‌లో భోజనాల దగ్గర. ముహూర్తం అయ్యాక, అరుంధతిని చూపించాక, మేలుకుని ఉన్న కుర్రాళ్ల మధ్య. అప్పగింతలకి కూడా ఒక పాట అనుకున్నాం. మామ్మ ఒప్పుకోలేదు. "ఏడుపులప్పుడు వాయిద్యాలేంట్రా, సినిమానా?" అంది. అది కొట్టేశాం. నాకూ హాయిగానే ఉంది, అప్పుడు నా చేతులు కుదురుగా ఉంటాయన్న నమ్మకం నాకే లేదు.

శ్రుతి కుదిరిన ఆదివారం

చెల్లి శ్రుతి అయిదున్నర. అంటే గిటార్ భాషలో జీ షార్ప్. బాబాయిది ఒకటిన్నర, అంటే సీ షార్ప్. వినడానికి రెండూ గిటార్‌కి ఇబ్బంది పెట్టే శ్రుతులే, ఖాళీ తీగలు ఒక్కటీ కలిసిరావు. కానీ కాపో, అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టి శ్రుతి పెంచే క్లిప్పు, మొదటి ఫ్రెట్ మీద బిగించి జీ ఆకారాలు పడితే జీ షార్ప్, సీ ఆకారాలు పడితే సీ షార్ప్. ఒక్కసారి బిగిస్తే ఇద్దరికీ సరిపోతుంది. పాట పాటకీ కాపో మార్చుకుంటూ, శ్రుతి సరిచూసుకుంటూ కూర్చునే బాధ తప్పింది.

ఇంతకన్నా ముచ్చటైన సంగతి 'మాయాబజార్'లోని "లాహిరి లాహిరి లాహిరిలో" దగ్గర బయటపడింది. 1957 సినిమా, పింగళి రచన, వెన్నెల్లో పడవ మీద పాట. మోహన రాగం: స రి గ ప ద, అయిదే స్వరాలు. జీ స్వరాన్ని షడ్జం (స) అనుకుంటే గిటార్ ఖాళీ తీగలు లావు తీగ నుంచి వరసగా ద, రి, ప, స, గ, ద అవుతాయి. ఆరు తీగల్లో ఒక్కటి కూడా రాగం దాటదు! మామూలుగా గిటార్ మీద మన రాగం వాయించేటప్పుడు తగలకూడని తీగ తగిలి అపస్వరం పలుకుతుందేమోనని చేయి బిగుసుకుపోతుంది. ఇక్కడ ఏ తీగ తగిలినా మోహనమే. కుడిచేతి బొటనవేలితో లావు తీగల మీద స, ప అందిస్తూ, పై తీగల మీద పాట నడిపిస్తే, తంబురా పక్కనున్నట్టే ఉంది. కాపో వల్ల ఇదంతా అరమెట్టు పైకి జరిగి నేరుగా చెల్లి శ్రుతిలోకి వచ్చి కూర్చుంది. ఈ పాట ఇక జాబితాలోంచి కదలదు.

గొడవల్లా ఘంటసాల గారి వంతు తనకే కావాలని బాబాయి అనడం. చెల్లి శ్రుతిలో ఆయనకి కింద గొంతు అందదు, పైకి వెళితే కేక అవుతుంది. ఆయన శ్రుతికి చెల్లి రానంది. "యుగళగీతం ఒక్కరు పాడితే ఏం బాగుంటుందే" అని ఆయన అలిగాడు. చివరికి పల్లవిలో "ఓహో" దగ్గర మాత్రం బాబాయి కలిసేట్టు సంధి కుదిరింది. నష్టపరిహారంగా అదే సినిమాలోని "వివాహ భోజనంబు" మొత్తం ఆయనకే రాసిచ్చాను, భోజనాల దగ్గర. "అది మాధవపెద్ది సత్యం గారిది కదరా" అని కాస్త నసిగాడు. నవ్వు వంతు వచ్చేసరికి మాత్రం ఫోన్‌లోనే ఇల్లెగిరిపోయేలా నవ్వి చూపించాడు. ఆ పాటలో గిటార్‌కి పెద్ద పనేం లేదు, లయ పట్టుకుని ఆయన నవ్వు అయ్యేదాకా ఆగడమే.

గణపతి షరతు కూడా ఈ ఆదివారమే తీరింది. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బాణీల మీద సంస్కృత సాహిత్యం కట్టిన నోటు స్వరాలున్నాయి. శంకరాభరణం స్వరాలు, అంటే గిటార్ క్లాసులో మొదట నేర్పే మేజర్ స్కేలు. గమకాలు ఉండవు. "శక్తిసహిత గణపతిం" వాటిలో ఒకటి, సంగీతం నేర్చుకునే పిల్లలందరికీ వచ్చు. తెల్లవాళ్ల బాణీలు విని ఆయన కట్టింది, తెల్లవాళ్ల వాయిద్యం మీద పాలకొల్లులో వాయించడం నాకు మహా సరదాగా ఉంది. చెల్లి స్వరాలు రాసి పంపింది, నేను వాటికి టాబ్ (ఏ తీగ ఎక్కడ నొక్కాలో చూపే రాత) రాసుకోకుండా స్వరాలే చూసి వాయిస్తున్నాను. ఇద్దరికీ ఒకే కాగితం ఉంటే "నువ్వెక్కడున్నావ్, నేనెక్కడున్నాను" అనే తగాదా ఉండదు.

వరంగల్ నుంచి ఫోన్

కాబోయే బావగారు చేశారు. "బావా, మీ లిస్టు జూసిన, మస్తున్నది. మా దిక్కు పాట ఒక్కటన్న పెట్టుండ్రి, అమ్మ ఖుష్ అయితది." న్యాయమైన కోరిక. జాబితా చూస్తే అంతా విజయవాడ-మద్రాసు వాసనే.

ఆయన అడిగింది 'బలగం' సినిమాలోని "ఊరు పల్లెటూరు". 2023లో వచ్చింది, భీమ్స్ సంగీతం, మంగ్లీ, రామ్ మిరియాల పాడారు. కాసర్ల శ్యామ్‌కి ఆ ఏటి జాతీయ ఉత్తమ గీత రచయిత పురస్కారం ఈ పాటకే వచ్చింది. ఇబ్బంది ఏమిటంటే సినిమా నడిచేది ఒక చావు చుట్టూ. తాత పోయాక కాకి ముట్టడం కోసం ఇంటిల్లిపాదీ పడే తిప్పలు. పెళ్లిలో బలగం పాటా అని పెద్దనాన్న ముఖం చిట్లించాడు.

నా జల్లెడకి ఇక్కడ రెండో పొర పడింది. సాహిత్యం చూస్తే పల్లె తెల్లవారడం, కోడి కూత, వాకిళ్లు, వరసలు పెట్టి పిలుచుకునే మనుషులు. విన్నవాళ్లకి గుర్తొచ్చేది ఊరే, చావు కాదు. "నా చెలి రోజావే" కథలో మొగుడూ పెళ్లాలే ఉన్నా గుర్తొచ్చేది ఎడబాటు. సినిమా కథ ఏదైనా, పాట వినగానే ఏం కళ్లకి కడుతుందో దాన్నిబట్టే ఉంచడం, తీసేయడం. పెద్దనాన్నకి ఫోన్‌లో పాట వినిపించాను. సగం వినేసరికి "బాగానే ఉంది, వియ్యపురాలు అడిగింది కాబట్టి పెట్టు" అన్నాడు. రెండో ముక్కే అసలు కారణమనుకుంటాను.

దీనికి చెల్లి గొంతు సరిపోదు, యాస తేలిపోతుంది. బావగారి వైపు ఇద్దరు అమ్మాయిలు పాడతామన్నారు. వాళ్ల శ్రుతి తెలియదు. కాపో ఉందిగా.

నడిచొచ్చే పాట

వధూవరులు గేటు నుంచి స్టేజీ దాకా నడిచేటప్పుడు ఏం వాయించాలి? పెళ్లికూతురి ఓటు 'గీత గోవిందం'లోని "ఇంకేం ఇంకేం కావాలే"కి. మంచి పాట, కానీ ప్రతి పెళ్లి వీడియోలోనూ ఉంది. నా ఓటు "మాటే మంత్రము"కి. 1981 'సీతాకోకచిలుక', ఇళయరాజా బాణీ, వేటూరి మాట. ఆ పాట మొదలయ్యేదే "శతమానం భవతి" ఆశీర్వచనంతో, అక్షతలు వేస్తూ పురోహితులు చదివే మంత్రంతో. పల్లవిలో మంగళవాద్యం ఉంది, కళ్యాణం ఉంది. పెళ్లి జల్లెడలోంచి ఇంత నున్నగా జారే పాట ఇంకొకటి లేదు. మంత్రం మాత్రం మేం పాడం. అది అక్షతలతో పాటు పురోహితుడు గారు ఎలాగూ చదువుతారు, స్వరంతో సహా. మేం నేరుగా పల్లవికే వెళ్తాం.

నడిచే పాటకి అసలు పరీక్ష వేరే ఉంది: ఎక్కడైనా ఆపగలగాలి. పెళ్లికూతురు తిన్నగా నడవదు. దారిలో మేనత్త ఆపి బుగ్గలు నిమురుతుంది, ఎవరి పిల్లాడో పాదాల దగ్గర పడతాడు, ఫోటోగ్రాఫర్ "మళ్లీ ఒకసారి వెనక్కెళ్లి రండి మేడమ్" అంటాడు. పాట మొదటి నుంచి చివరి దాకా కట్టుకుని కూర్చుంటే వాళ్లు స్టేజీ ఎక్కేసరికి మనం ఏదో చరణం మధ్యలో ఉంటాం. అందుకని పల్లవిని ఒక చుట్టుగా చేశాను. గిటార్ ఒంటరిగా ఒక చుట్టు, చెల్లి పాడుతూ ఒక చుట్టు, మళ్లీ గిటార్. ప్రతి చుట్టు చివరా రెండు దారులు, ఒకటి మళ్లీ మొదటికి, ఒకటి ముగింపుకి. స్టేజీ మెట్ల దగ్గర తమ్ముడు నిలబడి చేయెత్తితే ముగింపు దారి. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ కారిడార్‌లో మా ఆవిడ చీర కట్టుకుని మేనత్తలందరి పాత్రా తనే పోషిస్తూ నడిచింది, నేను గుమ్మంలో కూర్చుని వాయించాను. లిఫ్ట్ ఎక్కేవాళ్లు వింతగా చూశారు. పద్ధతి మాత్రం పనిచేసింది.

"ఇంకేం ఇంకేం" ఫోటోల వరసలోకి వెళ్లింది, "సామజవరగమన" పక్కన. అక్కడే ఆరుద్ర రాసిన "శ్రీరస్తు శుభమస్తు" కూడా, 1991 'పెళ్లి పుస్తకం'లోది. సన్నికల్లు, సప్తపది, తాళి అన్నీ చెప్పి, అవన్నీ మనసులు కలవడానికే అంటుంది. పురోహితుడు గారు కూడా ఈ పాటకి తల ఊపుతారని నా పందెం.

మండపం చూసొచ్చాక

ఒక రోజు ముందే వెళ్లి సౌండ్ చూసుకున్నాం. గిటార్‌లో పికప్ (తీగల మోతని స్పీకర్‌కి పంపే పరికరం) ఉంది, తొమ్మిది వోల్టుల బ్యాటరీ కొత్తది వేశాను. ప్లగ్ పెట్టగానే గుయ్యిమని ఒకటే రొద. స్టేజీ సీరియల్ లైట్లున్న బోర్డులోంచే మాకూ లైను ఇచ్చారు. అవతలి గోడ బోర్డు నుంచి వైరు లాగించగానే రొద చాలావరకు పోయింది. స్పీకర్లు నా వీపు వెనక పెట్టారు, వాటిని ముందుకి జరిపించాను. గిటార్ నోటికి రబ్బరు మూత పెట్టాను, లేకపోతే గొంతు పెంచగానే ఊళ వేస్తుంది.

తీగలు మూడు రోజుల ముందే మార్చేశాను. కొత్త తీగ సాగి సాగి కుదురుకోవాలి. గోదావరి జిల్లా ఉక్కకి చేతి చెమట తోడై తీగలు తొందరగా నల్లబడతాయి కాబట్టి పొడిగుడ్డ ఒకటి ఎప్పుడూ జేబులో. పైగా హాల్లో ఏసీ, లాన్‌లో ఉక్క. ఇటునుంచి అటు వెళ్లిన ప్రతిసారీ శ్రుతి జారుతుంది. భోజనాల దగ్గరికి పది నిమిషాలు ముందే వెళ్లి గిటార్‌ని ఆ గాలికి అలవాటు చెయ్యాలి.

లాన్ ఆరుబయలు కాబట్టి రాత్రి 10 దాటాక అక్కడ స్పీకర్లు పెట్టకూడదు, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధన. నాలుగు గోడల హాలుకి మినహాయింపు ఉంది. కుర్రాళ్ల బైఠక్ ఎలాగూ మైకు లేకుండానే కాబట్టి మాకు అడ్డేం లేదు.

మేనేజర్ గారు "సినిమా పాటలకి లైసెన్స్ ఉందా?" అని ఒక కాగితం తీశారు. కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 52(1)(జడ్ ఎ) ఫోన్‌లో తీసి చూపించాను. మతపరమైన వేడుకల్లో పాటలు వాడుకోవడానికి మినహాయింపు ఇస్తూ, పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన ఇతర వేడుకలు కూడా అందులోకే వస్తాయని రాసి ఉంది. కాగితం లోపల పెట్టేశారు. వీడియోని పాటతో సహా నెట్‌లో పెడితే ఆ లెక్క వేరని ఫోటోగ్రాఫర్‌కి చెప్పాను.

పెళ్లికూతుర్ని చేసిన సాయంత్రం

పెద్దనాన్న ఇంట్లో, వసారాలో. నలుగు, మంగళస్నానం అయ్యాక ఆడవాళ్లంతా చాపల మీద కూర్చున్నారు. మైకు లేదు, స్పీకర్ లేదు. దీనికోసం నేను దాచుకున్నది అన్నమయ్య "పిడికిట తలంబ్రాల పెండ్లికూతురు". పదిహేనో శతాబ్దపు పాట. పిడికిట్లో తలంబ్రాలు పట్టుకుని కాస్త పక్కకి తిరిగి నవ్వే పెళ్లికూతురు. అసలైతే తలంబ్రాలప్పుడే పాడాలి, కానీ అక్కడ సన్నాయి, డోలు, పిల్లల కేకలు. అందుకే ఒక రోజు ముందుకి తెచ్చాను.

చెల్లి మొదలుపెట్టింది, నేను స, ప మాత్రమే వేళ్లతో మీటుతున్నాను, కార్డ్స్ వద్దనుకున్నాను. రెండో చరణానికి మామ్మ అందుకుంది. ఆవిడకి వచ్చిన బాణీ వేరు! మేం రికార్డు విని నేర్చుకున్నది ఒకటి, ఆవిడ వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్నది ఇంకోటి. చెల్లి ఆగిపోయింది. నేను స, ప మీటుతూనే ఉన్నాను, ఆ రెండు స్వరాలకి ఏ బాణీ అయినా అభ్యంతరం చెప్పదు. మామ్మ శ్రుతి కాస్త కిందికి జారితే కాపో తీసేసి ఆవిడ వెనకే వెళ్లాను. మొత్తం పాట మామ్మ బాణీలోనే అయింది. పెళ్లికూతురు నిజంగానే పక్కకి తిరిగి నవ్వింది, అయితే అప్పుడు ఆమె చేతిలో ఉన్నది తలంబ్రాలు కాదు, ఫోన్.

పెళ్లి అయ్యాక, ఉన్నదున్నట్టు

"శక్తిసహిత గణపతిం"తో మొదలుపెట్టాం. చెల్లి ఒక్కతే పాడాల్సింది, ఎదురుగా సంగీతం నేర్చుకునే పిల్లలు నలుగురైదుగురు ఉండేసరికి స్టేజీ కిందనుంచే బృందగానం అయిపోయింది. నడిచే పాట అనుకున్నట్టే సాగింది. మేనత్తలు మా ఆవిడ ఊహించినదానికన్నా ఎక్కువమంది. "లాహిరి" బాగా పలికింది, బాబాయి "ఓహో" ఒప్పందం రెండోసారికే మరిచిపోయాడు. "ఇంకేం ఇంకేం" ఎవరికీ వినపడలేదు, సరిగ్గా అప్పుడే వరంగల్ బస్సు దిగింది. "శ్రీరస్తు" దగ్గర పురోహితుడు గారు తల ఊపారో లేదో చూడలేకపోయాను, ఆయన నాకు అడ్డంగా నిలబడి ఫోన్‌లో మాట్లాడుతున్నారు.

"ఊరు పల్లెటూరు"కి వియ్యపురాలు లేచి నిలబడింది. అమ్మాయిల శ్రుతికి కాపో నాలుగో ఫ్రెట్ దాకా వెళ్లింది. పెద్దనాన్న చప్పట్లు కొట్టడం నేను కళ్లారా చూశాను.

రాత్రి మొత్తానికి మొదటి స్థానం మాత్రం "వివాహ భోజనంబు"దే. మొదటి బంతిలో పాడితే, రెండో బంతి వాళ్లు "మాకు పాడరా?" అని పూర్ణం బూరె చేత్తో పట్టుకుని అడిగారు. మూడో బంతికి స్పీకర్లు ఆపే వేళయింది, బాబాయి మైకు లేకుండానే నవ్వాడు, వడ్డించేవాళ్లు కూడా కలిశారు.

ముహూర్తానికి ముందు సన్నాయి మాస్టారు నా దగ్గరికొచ్చి కాపోని వేలితో తట్టి చూశారు. "ఈ క్లిప్పు జరిపితే శ్రుతి మారిపోద్దా? మాకైతే ఇంకో సన్నాయి తీయాలండీ" అన్నారు. "మీ శ్రుతికి జరపమంటారా?" అంటే, "ఇప్పుడు కాదు, తాళి కట్టాక" అన్నారు. తాళి కట్టాక ఆయనకీ తీరలేదు, నేనూ కుర్రాళ్ల మధ్య "కమ్మని ఈ ప్రేమలేఖనే"లో ఇరుక్కున్నాను.

వరంగల్‌లో సత్యనారాయణ వ్రతానికి గిటార్ తెమ్మని బావగారి కబురు. అక్కడ పాడేది వాళ్లమ్మాయిలే కాబట్టి వాళ్ల శ్రుతికి పాటలు మళ్లీ ఏరుకోవాలి. బాబాయి కూడా వస్తాడట, భోజనాల వేళ ఎప్పుడో కనుక్కోమన్నాడు.